అంగడి యాప్‌కి హోస్టెడ్ సెర్చ్ పెట్టా, తెలుగులో కొడితే ఏమీ రావట్లా

పెన్నగట్టు (నెల్లూరు):

అందరికీ నమస్కారం. మా మామకి స్టోన్‌హౌస్‌పేటలో రొయ్యల మందుల అంగడి ఉండాది. మేత, మినరల్స్, ప్రోబయోటిక్స్, ఏరియేటర్ స్పేర్లు అన్నీ కలిపి 3,800 ఐటెమ్‌ల దాకా ఉంటాయి. రైతులు ఫోన్లో చూసుకుని ఆర్డర్ పెట్టుకునేదానికి నేనే ఒక వెబ్ యాప్ రాసిచ్చా. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్, డేటాబేసుకి మైఎస్‌క్యూఎల్, చవక షేర్డ్ హోస్టింగ్. రెండేళ్ళుగా బాగానే నడస్తా ఉండాది, ఒక్క వెతుకులాట తప్ప.

ఇన్నాళ్ళూ 'లైక్' క్వెరీతో (కొట్టిన ముక్క పేరులో ఉన్నదున్నట్టు ఉంటేనే దొరికేది) నెట్టుకొచ్చా. స్పీడుకేం ఇబ్బంది లేదు, 3,800 వరసలు ఏపాటి. బాధంతా దొరక్కపోవడమే. మొన్న ఇందుకూరుపేట కాడ ఒక రైతుకి రాత్రి రెండు గంటలప్పుడు గుంటలో ఆక్సిజన్ పడిపోయింది. రొయ్యంతా పైకి తేలతా ఉండాది. ఆయన యాప్ తెరిచి 'ఆక్సిజన్ బిళ్ళలు' అని కొట్టాడు. లేవని చెప్పింది. మా దగ్గర నాలుగు కంపెనీలవి ఉండాయి, కాకపోతే ఐటెం పేరు 'సోడియం పర్‌కార్బొనేట్ ట్యాబ్లెట్' అని ఉండాది. ఆయన ఫోన్ చేసి మామని నిద్ర లేపాడు కాబట్టి సరిపోయింది. తెల్లారకముందే మామ నన్ను లేపాడు.

సరే, హోస్టెడ్ సెర్చ్ (వెతికే పని వేరే కంపెనీ సర్వర్లో చేయించుకునేది) పెడదామని కూర్చున్నా. షేర్డ్ హోస్టింగ్‌లో మెయిలీసెర్చ్, టైప్‌సెన్స్ లాంటి సెర్చ్ సాఫ్ట్‌వేర్లు మనంతట మనం నడుపుకోనియ్యరు గదా, అందుకని అల్గోలియా తీసుకున్నా. స్కౌట్ (లారావెల్‌ని సెర్చ్ సర్వీసుకి కలిపే ప్యాకేజీ) ఎక్కించి, ఐటెం మోడల్లో సెర్చబుల్ ట్రెయిట్ ఒక్క లైను చేర్చి, ఇంపోర్ట్ కమాండ్ కొట్టా. కాఫీ చల్లారేలోపల అయిపోయింది. ఇంగ్లీషు పేర్లు స్పెల్లింగ్ తప్పు కొట్టినా టక్కున పట్టుకుంటా ఉండాది. మామ కూడా సంబరపడ్డాడు.

తెలుగులో కొడితే మాత్రం సున్నా. 'జియోలైట్' కొట్టినా రాలా, 'సున్నం' కొట్టినా రాలా. డేటాబేసులో ఆ పేర్లు తెలుగులోనే ఉండాయి, నా కళ్ళతో చూశా. అదొకటి. మామ వారానికోసారి ఎక్సెల్ ఎక్కించి ధరలు మారుస్తాడు. వెతికే పెట్టె కింద జారే సూచనల్లో పాత ధర, ఐటెం పేజీలోకి పోతే కొత్త ధర. పైగా కొన్ని ఐటెమ్‌లు ఇంపోర్టులోనే రికార్డు 10 కేబీ దాటిందని తిరగ్గొట్టింది. ఒక మందు గురించి 10 కేబీ నేనేం రాశానో నాకే తెలియడం లా.

అల్గోలియాకి తెలుగు రాదంటారా? వేరేదానికి మారమంటారా?


ఒంగోలక్క:

మారేది తర్వాత. డ్యాష్‌బోర్డులో ఇండెక్స్ (అల్గోలియా దగ్గరుండే నీ డేటా కాపీ) తెరిచి జియోలైట్ రికార్డు ఎట్టా కూర్చుందో చూశావా తమ్ముడూ? అక్కడ ఏముందో అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ రాయి.


పెన్నగట్టు:

చూశా అక్కా. పేరు దగ్గర 'జయలట' అని ఉండాది. సున్నం 'సనన' అయిపోయింది. అల్గోలియానే ఇట్ట చేసిందా?


ఒంగోలక్క:

అల్గోలియా పాపం ఏమీ చెయ్యలా. నువ్వే చేశావ్. మోడల్లో యాడో ఒకచోట పేరుని 'శుభ్రం' చేసే ఫంక్షన్ ఉండిద్ది చూడు. అక్షరాలు, అంకెలు, ఖాళీలు తప్ప మిగతావన్నీ తీసెయ్యమని చెప్పే రెజెక్స్. ఇంగ్లీషు ఫోరాల్లోంచి అందరం తెచ్చుకునేదే, నేనూ తెచ్చుకున్నా ఒకప్పుడు.

యూనికోడ్ లెక్కలో మన 'జి' ఒక అక్షరం కాదు. 'జ' ఒకటి, గుడి ఒకటి. 'జ' అక్షరం కిందికొచ్చిద్ది, గుడి మాత్రం 'మార్క్' అనే వేరే వర్గం. దీర్ఘాలు, కొమ్ములు, ఏత్వాలు, పొల్లు, ఆఖరికి సున్నా కూడా మార్కులే. రెజెక్సులో పీ-ఎల్ అని రాస్తే అక్షరాలొక్కటే మిగిలి గుణింతాలన్నీ ఊడిపోతయ్. 'నెల్లూరు'ని దాని గుండా పంపి చూడు, 'నలలర' అని బయటికొచ్చిద్ది. పీ-ఎల్ పక్కన మార్కులకుండే పీ-ఎం కూడా చేర్చు, అంతే.

కొందరు చేసే తెలివి ఇంకోటుంది: క్వెరీని కూడా అదే కత్తితో కోసేస్తే రెండు పక్కలా సరిపోయిద్ది గదా అని. సరిపోయిద్ది, బాగానే దొరికిద్ది. కాకపోతే 'మోటారు' కూడా 'మటర', 'మీటరు' కూడా 'మటర'. ఏరియేటర్ మోటారు అడిగినోడికి పీహెచ్ మీటరు చూపిస్తావ్.

అది దిద్దాక ఇంకో గోతిలో పడతావ్, ముందే చెప్తన్నా. 'పర్‌కార్బొనేట్' అని నువ్వు రాశావే, అందులో పొల్లుకీ కా కీ మధ్య కంటికి కనపడని గుర్తొకటి ఉంది. యూ ప్లస్ 200సి, జీరో విడ్త్ నాన్ జాయినర్. అది ఉండబట్టే కింద వత్తు పడకుండా విడివిడిగా కనపడతంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతటవే వేస్తయ్, కొన్ని వెయ్యవు. రైతు ఫోన్లో అది లేకుండా 'పర్కార్బొనేట్' అని పడిద్ది. మనిషికి రెండూ ఒకటే, మిషనుకి వేరువేరు. ఏ సర్వీసు దాన్ని ఎట్టా తీసుకుంటదో అని నమ్ముకుని కూర్చోకుండా మనమే తీసిపారెయ్యాలి. వరస ముఖ్యం: ముందు 200సి, దాని జోడీ 200డి (జీరో విడ్త్ జాయినర్) రెండిటినీ ఖాళీ కూడా పెట్టకుండా మాయం చెయ్యి, ఆ తర్వాతే చుక్కలూ గీతలూ ఖాళీలుగా మార్చు. తిరగేసి చేస్తే 'పర్' ఒక మాట, 'కార్బొనేట్' ఒక మాట అయి కూర్చుంటయ్.

ఇట్టా తీసేస్తే తెర మీద చూడ్డానికి అసయ్యంగా ఉంటది కాబట్టి అసలు పేరు జోలికి పోబాక. ఇండెక్సులో 'వెతికే పేరు' అని వేరే ఫీల్డు పెట్టి అందులో ఇది వెయ్యి, చూపించేది అసలు పేరే. బ్రౌజర్లో క్వెరీ పంపబోయే ముందు కూడా అదే పని జావాస్క్రిప్టులో చేసి పంపు.

10 కేబీ గొడవ కూడా తెలుగే. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. 'నెల్లూరు' అంటే మనకి మూడు అక్షరాలు, దానికి 8 గుర్తులు, 24 బైట్లు. పది కేబీ అంటే మూడువేల చిల్లర గుర్తులే. వాడే విధానమంతా రెండు పేజీలు తెలుగులో రాసుంటావ్, అది నిండిపోయింది. దాన్ని ఇండెక్సులోకి ఎందుకు పంపటం అసలు? ఏ జబ్బుకి, గుంటలో ఏ ఇబ్బందికి అన్న ముక్క ఒక్కటి పంపు, చాలు.

అన్నట్టు తమ్ముడూ, అదే రికార్డులో ఇంకొంచెం కిందికి పోయి చూడు. కొన్న ధర కూడా ఉందా?


పెన్నగట్టు:

ఓరి నాయనో. ఉండాది అక్కా. కొన్న ధర, మార్జిన్, సరుకిచ్చే డీలర్ ఫోన్ నంబరుతో సహా. మామకి ఈ విషయం చెప్పలా ఇంకా.


ఒంగోలక్క:

చెప్పబాక, ముందు సరిచెయ్యి.

మోడల్లో టూ సెర్చబుల్ అర్రే అనే మెథడ్ నువ్వు రాసుకోకపోతే స్కౌట్ ఏం చేసిద్దంటే, టూ అర్రేలో వచ్చేదంతా మూటగట్టి పంపిద్ది. హిడెన్ అని ప్రత్యేకంగా చెప్పినవి తప్ప టేబుల్లో ఉన్న కాలమ్స్ అన్నీ. సర్వర్ నుంచే వెతికితే అది బయటికి కనపడదు, ఎందుకంటే స్కౌట్ అల్గోలియా నుంచి ఐడీలు తెచ్చుకుని ఐటెమ్‌లు మళ్ళీ నీ డేటాబేసు నుంచే తీసిద్ది. నీ సూచనలు నేరుగా బ్రౌజర్ నుంచి పోతన్నయ్. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూసే పక్క అంగడాయన ఎవరన్నా ఉంటే మీ మామ కొన్న రేటు లెక్కగట్టుకునే పని కూడా లేదు. పాత ధర ఒకచోట, కొత్త ధర ఒకచోట కనపడేది కూడా అందుకే: సూచన ఇండెక్సు నుంచి, పేజీ డేటాబేసు నుంచి.

మెథడ్ రాసి ఐడీ, పేరు, వెతికే పేరు, కంపెనీ, జబ్బులు, ప్యాకింగ్, అమ్మే ధర మాత్రమే ఇవ్వు. మళ్ళీ ఇంపోర్ట్ కొడితే రికార్డు మొత్తం కొత్తదానితో మారిపోయిద్ది, పాత ఫీల్డులు మిగలవు. అయితే నేరుగా ఎస్‌క్యూఎల్‌తో డిలీట్ చేసిన ఐటెమ్‌లు ఏమన్నా ఉంటే అవి ఇండెక్సులో దెయ్యాల్లాగా అట్టాగే ఉంటయ్, కొన్న ధరతో సహా. కాబట్టి ఒకసారి ఫ్లష్ చేసి (ఇండెక్స్ మొత్తం ఖాళీ చేసి) ఇంపోర్ట్ చెయ్యి. ఫ్లష్‌కీ ఇంపోర్ట్‌కీ మధ్య వెతికినోళ్ళకి ఏమీ దొరకదు, కొనుగోళ్ళు లేని టైం చూసుకో. మీ అంగడికి అర్ధరాత్రి ఖాళీ టైం కాదని తెలిసింది గదా. కంపెనీ పేరు వేరే టేబుల్లో ఉంటే మేక్ ఆల్ సెర్చబుల్ యూజింగ్ మెథడ్లో విత్ పెట్టుకో, లేకపోతే 3,800 ఐటెమ్‌లకీ కంపెనీ కోసం ఒక్కో క్వెరీ పోయిద్ది.

బ్రౌజర్లో ఏ కీ పెట్టావ్? సెర్చ్ ఓన్లీ కీయేనా? ఇండెక్సుని మార్చగలిగే అడ్మిన్ కీ అయితే ఇది చదవటం ఆపి ముందు అది మార్చి రా.


పెన్నగట్టు:

సెర్చ్ ఓన్లీనే అక్కా, అంత ఘోరం చేయలా.


చీమకుర్తి రాయి:

నాదొక అనుమానం. 3,800 వరసలకి హోస్టెడ్ సర్వీసు ఎందుకండీ? స్కౌట్‌లోనే డేటాబేస్ డ్రైవర్ ఉంది, మైఎస్‌క్యూఎల్ ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ వేసుకుని మోడల్లో ఏ కాలమ్‌కి వాడాలో చెప్తే సరిపోయిద్ది. ఎక్సెల్ ఎక్కించినా, చేత్తో మార్చినా, వెతికేది అసలు టేబుల్‌నే కాబట్టి పాత ధర, కొత్త ధర అనే మాటే ఉండదు. కీల గొడవ లేదు, బిల్లు లేదు. మా గ్రానైట్ స్టాకు యార్డుకి అదే వాడుతున్నా, బ్లాకు నంబరు కొడితే బ్లాకు వచ్చిద్ది.


ఒంగోలక్క:

బ్లాకు నంబరు కొట్టేది మీ గుమస్తా, తప్పు కొట్టడు. ఇక్కడ కొట్టేది రాత్రి రెండింటికి గట్టు మీద నిలబడ్డ రైతు, ఒక చేతిలో టార్చిలైటు. మైఎస్‌క్యూఎల్ ఫుల్‌టెక్స్ట్ తప్పుల్ని సర్దుకోదు. మాట పొట్టిదైతే అసలు ఇండెక్సులోకే ఎక్కదు, దాని ఇన్నోడీబీ ఇంజనులో మామూలుగా మూడు గుర్తులకి తక్కువైతే వదిలేసిద్ది. డేటాబేసు పోస్ట్‌గ్రెస్ అయ్యుంటే ట్రైగ్రామ్ (మాటల్ని మూడేసి గుర్తుల ముక్కలుగా పోల్చేది) పెట్టుకుని చూద్దాం అనేదాన్నేమో. మీరన్న ఇంకో మాట నిజమే అయినా: రెండో చోట కాపీ పెట్టుకున్నాక ఆ కాపీ పాతబడకుండా చూసుకునే చాకిరీ మనదే.


విత్తనాలబ్బి (కందుకూరు):

ఆ చాకిరీ ఏందో నన్నడగండి. మాది విత్తనాల డీలర్ల యాప్. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలొచ్చి మా కందుకూరు ప్రకాశంలోంచి నెల్లూరు జిల్లాకి పోయింది గదా. డీలర్ల టేబుల్లో జిల్లా పేరు ఒక్క అప్‌డేట్ క్వెరీతో మార్చేసి ఇంటికి పోయా. డేటాబేసులో మారింది, ఇండెక్సులో మారలా. తమాషా ఏందంటే కందుకూరు అని వెతికితే తెర మీద నెల్లూరు జిల్లా అనే చూపిస్తాది, ఎందుకంటే చూపించేది డేటాబేసు నుంచి. నెల్లూరు జిల్లా అని ఫిల్టర్ పెడితే మాత్రం కందుకూరోళ్ళు ఒక్కరూ రారు, ఎందుకంటే ఫిల్టర్ వేసేది ఇండెక్సులో. రెండు వారాలు తల బద్దలు కొట్టుకున్నా.

స్కౌట్ మోడల్ సేవ్ అయినప్పుడు వచ్చే ఈవెంట్లని పట్టుకుని పనిచేస్తాది. వేర్ పెట్టి మూకుమ్మడిగా అప్‌డేట్ చేసినా, అప్‌సర్ట్ (ఉంటే మార్చు, లేకపోతే చేర్చు) చేసినా ఆ ఈవెంట్లు రావు. మీ మామ ఎక్సెల్ కూడా అప్‌సర్టే అయ్యుంటాది. దాని వెనకాలే, మారిన కోడ్‌లతో వేర్ ఇన్ పెట్టి చివర సెర్చబుల్ అని పిలవండి, స్కౌట్ 500 చొప్పున పంపుకుంటాది. మీ సరుకంతా మారినా ఎనిమిది విడతలు. క్యూ ఆన్ చేసుకోండి, ఆ పంపే పని వెనకాల జరుగుతాది. షేర్డ్ హోస్టింగ్‌లో వర్కర్ నడపలేం అనుకోబాకండి, క్రాన్‌లో (టైం ప్రకారం కమాండ్లు నడిపేది) నిమిషానికోసారి క్యూ వర్క్ కమాండ్ స్టాప్ వెన్ ఎంప్టీతో పెడితే చాలు. కంపెనీ పేరు మారినప్పుడు కూడా అంతే, కంపెనీ సేవ్ అయితే దాని ఐటెమ్‌లు వాటంతటవి కదలవు.

ఇంకోటి, దీనివల్ల మాకు రైతు దగ్గర మాట పోయింది. ఎంటీయూ 1010 అంటే కాటన్‌దొర సన్నాలు, ఎంటీయూ 1001 అంటే విజేత. వేరే వేరే వడ్లు. 1010 స్టాకు అయిపోయిందని ఆ వారం ఇండెక్సులోంచి దాచేశాం. ఒకాయన 1010 అని కొడితే అల్గోలియా 'పాపం తప్పు కొట్టాడులే' అని 1001 చూపించింది, ఆయన చూసుకోకుండా ఆర్డర్ పెట్టాడు. మామూలుగా నాలుగక్షరాల మాటకి ఒక తప్పు దాకా క్షమిస్తాది అది, చివరి రెండంకెలు అటూ ఇటూ అయితే దాని లెక్కలో ఒక తప్పే. అలౌ టైపోస్ ఆన్ న్యూమరిక్ టోకెన్స్ అని సెట్టింగ్ ఉండాది, ఫాల్స్ చెయ్యండి. మేత నంబర్లకి మీకూ ఇదే వస్తాది.

స్టాకు లేనిది దాచడం కూడా మానేశా నేను. షుడ్ బీ సెర్చబుల్‌తో దాచేస్తే రైతు ఏమనుకుంటాడు, ఈళ్ళు అసలు ఆ విత్తనమే అమ్మరు అనుకుని పక్క అంగడికి పోతాడు. స్టాకు ఉందా లేదా అని ఒక ఫీల్డు పెట్టి కస్టమ్ ర్యాంకింగ్‌లో లేనివాటిని కిందికి తోసెయ్యండి, 'రేపొస్తాది' అని రాయండి.


పెన్నగట్టు:

అప్‌సర్టే అన్నా. కరెక్టుగా చెప్పారు.


ఒంగోలక్క:

నేను మర్చిపోయింది ఒకటి: స్కౌట్ ప్రిఫిక్స్, అంటే ఇండెక్స్ పేరుకి ముందు తగిలించే మాట. నీ ల్యాప్‌టాప్‌కి ఒకటి, లైవ్‌కి ఒకటి పెట్టుకో. మేం ఒకసారి అది లేకుండా లోకల్లో సీడర్ (ఉత్తుత్తి డేటా నింపేది) నడిపితే 'టెస్ట్ ఐటెం 47' లైవ్ సైటులో ఫలితాల్లో కూర్చుంది.


పెన్నగట్టు:

పది రోజుల తర్వాత రాస్తా ఉండా, ఏమీ అనుకోబాకండి. మధ్యలో మామకి రొయ్యల పట్టుబడి కాలం, అంగట్లోనే ఉండిపోయా.

రెజెక్స్ మార్చా, కనపడని గుర్తు తీసేశా, ఫీల్డులు ఏడింటికి దించా, ఫ్లష్ చేసి మళ్ళీ ఎక్కించా. జియోలైట్, సున్నం, డోలమైట్ అన్నీ తెలుగులో వస్తా ఉండాయి. 10 కేబీ ఎర్రర్ మళ్ళీ రాలా. ఎక్సెల్ అయినాక సెర్చబుల్ పిలిచా, పాత ధర బాధ పోయింది. కొన్న ధర సంగతి మామకి చెప్పా చివరికి. రెండు నిమిషాలు మాట్లాడలా. తర్వాత, 'ఆ డీలర్‌కి మనం ఎక్కువిస్తా ఉండామని ఊరంతా చూసుంటారే' అన్నాడు.

'రొయ్యలకి తెల్లమచ్చ మందు' అని పెద్ద వాక్యం కొడితే మాత్రం అన్ని మాటలూ ఉన్న ఐటెం లేదని సున్నా చూపించేది. రిమూవ్ వర్డ్స్ ఇఫ్ నో రిజల్ట్స్‌ని ఆల్ ఆప్షనల్ చేశా, ఇప్పుడు సగం మాటలు కలిసినా ఇస్తా ఉండాది.

పేర్లది మాత్రం సర్వీసుతో అయ్యే పని కాదని తెలిసింది. 'ఆక్సిజన్ బిళ్ళలు'కి 'సోడియం పర్‌కార్బొనేట్'కి చుట్టరికం ఏ మిషనుకీ తెలియదు. ఐటెం టేబుల్లో 'పిలుపు పేర్లు' అని కాలమ్ చేర్చి, మామ పక్కన రెండు పైటేలలు కూర్చున్నా. నేను ఐటెం పేరు చదవడం, ఆయన గుంట కాడ దాన్నేమంటారో చెప్పడం. ఒక మినరల్ మిక్సుకి 'నల్లడబ్బా' అంట. కంపెనీ డబ్బా రంగు మార్చి మూడేళ్ళయినా ఇప్పటికీ నల్లడబ్బానే. ఒక ప్రోబయోటిక్‌ని 'బెల్లం మందు' అంటారు, బెల్లం నీళ్ళలో పులియబెట్టి చల్లుతారు గాబట్టి. నేనైతే దాన్ని ఏ జన్మకీ కనుక్కునేవాణ్ణి కాదు.

ఇప్పుడు రోజూ రాత్రి అల్గోలియా అనలిటిక్స్‌లో ఫలితం రాని వెతుకులాటలు తెరిచి మామకి చదివి వినిపిస్తా. ఆయన చెప్పింది చెప్పినట్టు పిలుపు పేర్లలో ఎక్కించేస్తా. నిన్నటి జాబితాలో పైనుంచి రెండోది మాత్రం మామకి కూడా అంతు చిక్కలా. ఎవరో 'పోయినసారి ఇచ్చిందే' అని కొట్టారు, నాలుగు సార్లు.


విత్తనాలబ్బి (కందుకూరు):

మాకు రోజూ వస్తాది అది.


ఒంగోలక్క:

దానికి అల్గోలియా ఎందుకు తమ్ముడూ. లాగిన్ అయిన మనిషే గదా, వెతికే పెట్టె కింద ఆయన పోయిన ఆర్డర్ చూపించు.